వాకిట నిలిచిన ఇద్దరు

(ధ్యానమునకు చదువవలసిన భాగములు: యోహాను 4:1-26, 2 యోహాను 7-11, హెబ్రీయులకు 13:1-2)



నేను చేసిన ఒక తప్పును మొదట ఒప్పుకొని, దానిలోనుండి పుట్టిన ప్రశ్నను తరువాత మీ యెదుట ఉంచగోరుచున్నాను. ఒకరి తప్పు పదిమందికి పాఠమైనచో ఆ తప్పు పూర్తిగా వ్యర్థము కాదు గదా.

మా యిల్లు తుర్కయంజాల్‌లో సాగర్ రోడ్డుకు కొద్ది దూరమున ఉన్నది. ఎల్.బి. నగర్ నుండి హస్తినాపురము, బి.ఎన్. రెడ్డి నగర్, ఇంజాపూర్ దాటి ఇబ్రహీంపట్నము పోవు బస్సులు మా ఊరి మీదుగానే పోవును. ఒకప్పుడు వరి పండిన నేలలో ఇప్పుడు ప్లాట్లు, కొత్త ఇండ్లు లేచినవి. ఎండకాలము వచ్చినదంటే నీడకు మా గేటు ముందరి వేపచెట్టు ఒక్కటే దిక్కు.

గత వేసవిలో ఒకనాటి మిట్టమధ్యాహ్నము ఇద్దరు పడుచువాండ్రు ఆ చెట్టు క్రింద నిలిచి గేటు తట్టిరి. తెల్లని చొక్కాలు, మెడకు టై, జేబు మీద నల్లని పేరు పలక. చెమటతో చొక్కాలు వీపులకు అంటుకొని యున్నవి. వారిలో ఒకడు, "అయ్యగారూ, కొంచెం మంచినీళ్లు ఇస్తారా?" అని అడిగెను.

నేను ఆ పలక చూచితిని. వారు మోర్మోనులని పిలువబడు సంఘమువారు. వెంటనే యోహాను భక్తుని రెండవ పత్రికలోని హెచ్చరిక నాకు గుర్తు వచ్చెను. క్రీస్తు బోధ తేనివానిని ఇంటిలో చేర్చుకొనవద్దనియు, అతనికి శుభమని చెప్పవద్దనియు అక్కడ ఉన్నది. నేను గేటు తెరువలేదు. "మోటరు చెడిపోయింది, నీళ్లు లేవు బాబూ" అంటిని. ఆ పిల్లవాడు "పరవాలేదండి, వందనాలు" అని చెప్పి వెళ్లిపోయెను. రోడ్డు చివర మా పొరుగువారు ప్రతి ఎండకాలము చలివేంద్రము పెట్టుదురు. వారు క్రైస్తవులు కారు. ఆ యిద్దరు అక్కడ నిలిచి నీళ్లు త్రాగుట నా వాకిటినుండియే నాకు కనబడెను.

లోపలికి రాగానే నా భార్య, "రంజను నిండా నీళ్లున్నయి కదా, లేవని ఎందుకన్నరు?" అని అడిగినది. నేను వాక్యము చెప్పబోయితిని. ఆమె నా వైపు చూచి, "వాక్యంలో అబద్ధమాడమని కూడ ఉన్నదా?" అన్నది. సహోదరులారా, సత్యమును కాపాడబోయి నేను అబద్ధమాడితిని. ఆ మాట అప్పటినుండి ముల్లువలె నాలో ఉన్నది.

ఇప్పుడు మన ప్రశ్న ఇది. మనము తప్పని నమ్మిన బోధను తెచ్చువాడు మన వాకిట నిలిచినప్పుడు, మనము అతనికి ఏమి బాకీ పడియున్నాము?

కొన్ని వారములకు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కితిని. బస్సు క్రిక్కిరిసి యున్నది. ఒక యువకుడు లేచి, "కూర్చోండయ్యగారూ" అని తన చోటు నాకిచ్చెను. చూడగా అతడే. ప్రక్కన అతని జతగాడును ఉన్నాడు. అతడు నన్ను గుర్తుపట్టెను. కాని నీళ్ల సంగతి ఎత్తలేదు. నేనును ఎత్తలేకపోయితిని. సిగ్గు దాచుకొనుటకే వారి దినచర్య ఎట్లుండునని అడిగితిని.

ఈ పిల్లవాడు గోదావరి ప్రాంతమువాడు; జతగాడు తమిళ దేశమువాడు. డిగ్రీ చదువు నడుమ ఆపి వచ్చినారట. వారి సంఘములో యువకులు 18 ఏండ్లు నిండిన తరువాత రెండు సంవత్సరములు, యువతులు 18 నెలలు ఈ సేవకు వెళ్లుదురు. జీతము లేదు. తమ కుటుంబమో, సంఘమో సాయపడగా ఖర్చులు గడుచును. ఏ ఊరికి పోవలెనో తాము కోరుకొనరు, పంపినచోటికి పోవలెను. ఉదయము సాధారణముగా 6:30కే లేచుట, కొంత వ్యాయామము, ప్రార్థన, చదువు, భాష నేర్చుకొనుట; పిమ్మట పగలంతయు మనుష్యులను కలిసికొనుట; రాత్రి 10:30కు పడక. ఎప్పుడును ఇద్దరు కలిసియే యుండవలెను. జతగాడు ఎవరైనను ఓర్చుకొనవలెను. వారమునకొక దినము బట్టలు ఉతుకుకొనుటకు, సరుకులు తెచ్చుకొనుటకు, ఇంటికి వ్రాసికొనుటకు. 2019 ఫిబ్రవరి వరకు ఇంటికి ఫోను చేయుట ఏడాదికి రెండు మారులే, క్రిస్మసునాడు, తల్లుల దినమున. అప్పటినుండి వారమునకొకసారి మాటలాడుటకు సెలవిచ్చినారు.

తమిళ బాలుడు కొత్తగా తెలుగు నేర్చుచు ఒక అవ్వను "నువ్వు" అన్నాడట. తప్పయినదని బెదరిపోగా, ఆమె నవ్వి, "నా మనుమడు గూడ గట్లనే పిలుస్తడు బిడ్డా, తప్పేముంది" అని అన్నం పెట్టినదట. అది చెప్పునప్పుడు అతని కన్నులు చెమ్మగిల్లెను. ఇరువది యేండ్లు నిండని పిల్లలు. తల్లిని తలంచుకొనని రాత్రి ఉండునా?

ఆ దినము నుండి నేను వీరిని గూర్చి కొంత చదివితిని. మన తెలుగు నేలపై వీరు కొద్దిమందే. వీరి యువకులు ఎక్కువగా నడచిన దారులు స్పానిషు భాష మాటలాడు దేశములలో ఉన్నవి. ఒక్క మెక్సికోలోనే వారి సభ్యులు పది లక్షలకు పైగా ఉన్నారని వారి లెక్కలు చెప్పుచున్నవి. అయితే ఆ దారి పూలబాట కాదు. 1851లో పార్లీ ప్రాట్ అను వారి నాయకుడు భార్యతోను, మరియొక సహచరునితోను చిలీ దేశమందలి వల్పరైసో రేవున దిగెను. స్పానిషు చాలినంత రాలేదు. చేత డబ్బు లేదు. అక్కడ వారికి పుట్టిన మగబిడ్డ కొన్ని వారములకే చనిపోయెను. 1852లో ఒక్కనికైనను బాప్తిస్మమియ్యకయే వారు తిరిగి ఓడ ఎక్కిరి. ఒక చిన్న సమాధిని పరదేశములో విడిచి పోయిన తల్లిని తలంచుకొనుడి. 1925 క్రిస్మసునాడు మెల్విన్ బల్లార్డ్ అనువాడు అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో ప్రార్థించి పని మరల మొదలు పెట్టెను. ఆయన ఉన్న నెలలలో ఫలితము అత్యల్పము.

ఇప్పుడును అమెరికానుండి పెరూకో, గ్వాటెమాలాకో వెళ్లు పిల్లవాడు కొన్ని వారములు మాత్రమే భాష నేర్చి వీధిలో దిగును. స్పానిషులో 'ఎంబరసాదా' అను మాట ఉన్నది. అది ఆంగ్లములో సిగ్గుపడుటను చెప్పు మాటవలె వినబడును. సిగ్గుపడుచున్నానని చెప్పబోయిన అమ్మాయి ఆ మాట వాడినచో, తాను గర్భవతినని చెప్పినట్లగును. ఇంటిల్లిపాది నవ్వుదురు. ఆ నవ్వును ఓర్చుకొని, మరునాడు మరల అదే వీధికి పోవుటయే వారి దినచర్య. తలుపులు అనేకము మూయబడును. తెరచినవారిలో వినువారు కొద్దిమంది. ఒక ఊరిలో మనుష్యులు అలవాటు పడునప్పటికి మరియొక ఊరికి మార్పు వచ్చును.

ఇంతగా చెప్పినందున, వారి బోధయే సరియైనదని నేను అనుచున్నానని ఎవరును తలంచవద్దు. స్పష్టముగా చెప్పెదను. వారు తమ్మును క్రైస్తవులమనియే చెప్పుకొందురు. క్రీస్తు పేరు వారి సంఘము పేరులోనే యున్నది. అయినను 1830లో జోసెఫ్ స్మిత్ ప్రకటించిన మోర్మన్ గ్రంథమును వారు బైబిలుతోపాటు లేఖనముగా ఎంచుదురు. తండ్రియు కుమారుడును వేర్వేరు శరీరములు గలవారని చెప్పుదురు. మన పితరులు ఒప్పుకొనిన త్రిత్వ విశ్వాసము అది కాదు. మనకు లేఖనములు చాలును. ఈ భేదము చిన్నది కాదు. దీనిని కప్పిపుచ్చుట ప్రేమ కాదు.

కష్టపడుట చేతనే బోధ సత్యమగునా? కాదు. కర్మెలు కొండమీద బయలు ప్రవక్తలు ఉదయము మొదలుకొని కేకలు వేసి, తమ దేహములను కోసికొనిరి. వారికి ఆసక్తి తక్కువ కాలేదు (1 రాజులు 18). తన స్వజనులకు దేవుని విషయమై ఆసక్తి కలదు గాని అది జ్ఞానముతో కూడినది కాదని పౌలు దుఃఖించెను (రోమా 10:2). కాళ్లకు పొక్కులు వచ్చినంతమాత్రమున దారి సరియైనదని రుజువు కాదు.

అయితే దీనిని తిరుగవేసి చూడుడి. ఎదుటివాని దారి తప్పయినంతమాత్రమున, అతని దాహము అబద్ధమగునా? అతడు తల్లి కన్న బిడ్డ కాకపోవునా?

ఇప్పుడు యోహాను పత్రికకు వత్తము. ఆ దినములలో సంఘములకు మందిరములు లేవు. విశ్వాసులు ఇండ్లలోనే కూడుకొనిరి (రోమా 16:5, ఫిలేమోను 2). ఊరూర తిరుగు బోధకుని ఇంట చేర్చుకొనుట అనగా, అతనిని సంఘము ఎదుట నిలువబెట్టి, అతని బోధకు మన పేరును, మన డబ్బును ఇచ్చుట. క్రీస్తు శరీరధారియై వచ్చెనని ఒప్పుకొననివారికి అట్టి తోడ్పాటు ఇయ్యవద్దని భక్తుడు హెచ్చరించెను. అది బోధపీఠమును గూర్చిన మాట; మంచినీళ్ల చెంబును గూర్చిన మాట కాదని నేను గ్రహించితిని. శత్రువు దప్పిగొనినను దాహమిమ్మని అదే లేఖనము చెప్పుచుండగా (రోమా 12:20), శత్రువు కాని పరదేశికి నీళ్లు ఆపుటకు ఆ వచనమును ఎట్లు అడ్డము పెట్టుదును?

ఇంతకంటె స్పష్టమైన మాట సుఖారు బావియొద్ద ఉన్నది. యూదులకు సమరయులు దారితప్పినవారు. వారి కొండ వేరు, వారి లేఖనము వేరు, వారితో సాంగత్యము లేదు. ప్రభువు అలసి ఆ బావియొద్ద కూర్చుండి, సమరయ స్త్రీని నీళ్లడిగెను. ఆమెతో మాటలాడునప్పుడు, వారు తెలియనిదానిని ఆరాధించుచున్నారని ఆయన మొగము మీదనే చెప్పెను (యోహాను 4:22). ఆ భేదమును ఆయన దాచలేదు. అయినను ఆమె చేతి నీళ్లు అడుగుటకు వెనుదీయలేదు. సత్యము చెప్పుటకు నీళ్ల బంధము తెంచవలెనని ఆయన తలంచలేదు. నీళ్ల బంధము నిలుపుటకు సత్యము మింగవలెననియు తలంచలేదు. రెండును ఒకే బావియొద్ద జరిగినవి. నేనైతే నా గేటు యొద్ద నీళ్లు ఇయ్యలేదు, సత్యమును చెప్పలేదు. రెంటిని పోగొట్టుకొంటిని.

మన కథ ఏమి? మన తాతలకు సువార్త తెచ్చినవారును పరాయివారే. వారి తెలుగు విని మన అవ్వలు నవ్వియుందురు. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారును, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండమీద మోకరించి ప్రార్థించిరి. అది ఫలము లేదని తెలుగు మిషనును మూయవలెనని అమెరికాలో మాటలు నడచిన కాలము. ఆ దినములలో ఏ పల్లెలోనో, ఏ పేదరాలో ఒక ముంత నీళ్లు ఇచ్చియుండనిచో ఆ పని ఎట్లు నిలిచెడిది? తరువాత మన తెలుగువారును పరదేశము పోయిరి. 1903లో తెలుగు బాప్తిస్టు సంఘములు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపినవి. చెరకు తోటలకు, తేయాకు తోటలకు ఒప్పందపు కూలీలుగా పోయిన మనవారి నడుమ ఆయన పరిచర్య చేసెను. ఆ ఏటి డిసెంబరులోనే కియర్స్నీలో సంఘము ఏర్పడెను. మనము వాకిట నిలిచి నీళ్లడిగిన జాతివారము. ఆ సంగతి మరువరాదు.

మరియొక సంగతి కూడ తెలిసికొనుట మంచిది. ఈ బోధ మన హైదరాబాదులో వేరూనుటకు తోడ్పడినవారిలో మన తెలుగు కుటుంబమే యున్నది. ఎడ్విన్ ధర్మరాజుగారును, ఆయన భార్య ఎల్సీగారును సమోవా దీవులలో నివసించుచుండగా ఆ సంఘములో చేరిరి. 1978 డిసెంబరులో వారు హైదరాబాదుకు వచ్చి తమ బంధువులకు బోధింపగా, 22 మంది బాప్తిస్మము పొందిరి. ఎల్సీగారి తండ్రి బాప్తిస్టు పాదిరి. 2012 మే 27న ఇండియాలో వారి మొదటి 'స్టేకు', అనగా అనేక స్థానిక సంఘముల కూటమి, హైదరాబాదులోనే ఏర్పడెను. కాబట్టి గేటు మూయుట ద్వారా బోధ ఆగదు. అది గేటు గుండ మాత్రమే రాదు. పెండ్లి విందులోను, చుట్టపు చూపులోను వచ్చును. దానికి కావలసినది గొళ్లెము కాదు, జ్ఞానము. బెరయవారు పౌలు మాటను సైతము దినదినము లేఖనములతో సరిచూచిరి (అపొ. కార్య. 17:11). మన నిరీక్షణకు హేతువు అడిగినవారికి సాత్వికముతో ఉత్తరమియ్యుటకు సిద్ధముగా ఉండుమని పేతురు చెప్పెను (1 పేతురు 3:15). నేను ఆ దినము గేటు తెరువకుండుటకు నిజమైన కారణము యోహాను పత్రిక కాదు. ఆ పిల్లలు ప్రశ్న వేసినచో నాకు ఉత్తరము రాదేమోనను భయము. తాను నమ్మినది ఎరిగినవాడు తలుపు తెరువ వెరువడు.

ఇంకొక మాట. బస్సులో ఆ పిల్లవాడు నన్ను అడిగెను: "అయ్యగారూ, మీ సంఘంలో మా యీడు వాళ్లు ఏం చేస్తారు?" నేను యువజన కూటములని, క్రిస్మసు పాటలని చెప్పితిని. అవి మంచివే. కాని రెండేండ్లు చదువు మాని, తల్లిని విడిచి, పరభాష నేర్చి తిరుగు పిల్లవాని యెదుట ఆ జవాబు నాకే చిన్నదిగా వినబడెను. మన పిల్లలు రెండేండ్లు పోవలెనని నేననను; పేద యింటిలో ఒక్క జీతము ఆగినచో పొయ్యి ఆరును. కాని శనివారము ఒక్క పూట? మంచమెక్కిన ముసలివారి ఇంటికి ఇద్దరిద్దరు పోయి ఒక అధ్యాయము చదివి, కుండలో నీళ్లు నింపి రాలేరా? ప్రభువు డెబ్బదిమందిని ఇద్దరిద్దరినిగా పంపినది (లూకా 10:1) మన యెడలను వర్తించును గదా. తప్పని మనమనుకొను బోధకు పిల్లలు ఇంత ఇచ్చుచుండగా, సత్యమని మనమనుకొను దానికి మనమేమి ఇచ్చుచున్నాము? ఈ ప్రశ్న వారికి కాదు, మనకు.

బస్సు తుర్కయంజాల్ చేరినది. నేను దిగితిని. క్షమించుమని చెప్పవలెనని నోటి చివరి దాక వచ్చెను, చెప్పలేదు. రెండు మూడు వారములు ఆలోచించి, ధైర్యము తెచ్చుకొని, దిల్‌సుఖ్‌నగర్ వైపు కనబడిన అదే పలక గల మరి యిద్దరిని అడిగితిని. ఆ పిల్లలకు వేరే ఊరికి మార్పు అయినదని వారు చెప్పిరి. ఏ ఊరికని నేను అడుగలేదు. క్షమాపణకు కూడ ఒక ఘడియ ఉండును. అది దాటిన తరువాత బాకీ మిగిలిపోవును.

అందుచేత ఈ యేడు ఎండలు మొదలుకాగానే మా గేటు బయట, వేపచెట్టు క్రింద, ఒక రంజను కుండయు రెండు గ్లాసులును పెట్టితిమి. నా భార్య ప్రతి ఉదయము దానిని కడిగి నింపును. ఎవరు త్రాగిరో మేము చూడము. ఎవరైనను నిలిచి మాటలాడగోరినచో గేటు తెరచియే యుండును. బల్లమీద బైబిలును ఉన్నది. వారు తమ గ్రంథము తెచ్చినచో, మేము నమ్మనిదేమో, ఏల నమ్మమో నెమ్మదిగా చెప్పెదము. దాహమైతే ముందు నీళ్లు ఇచ్చెదము.

ప్రార్థన: బావియొద్ద అలసి కూర్చున్న ప్రభువా, నీ సత్యమును భయపడక పలుకు నోరును, నీళ్లిచ్చుటకు వెనుదీయని చేతిని మాకు దయచేయుము. మేము తిరుగగొట్టిన పిల్లలను నీవే ఏ నీడనైనను చేర్చుము. ఆమేన్.